చూపించే తెర, అడిగే తెర

పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో మాధ్యమిక పాఠశాలల మీద రెండు ప్రయోగాలు జరిగాయి. వాటి ఫలితాలను పక్కపక్కన పెట్టి చదివితే, తరగతి గదిలో సాంకేతికత గురించి మనం మామూలుగా వేసుకునే ప్రశ్నలోనే పొరపాటుందని తెలుస్తుంది. రెండింటిలోనూ సరుకు దాదాపు ఒకటే. గణితం, సైన్సు పాఠ్యప్రణాళిక ప్రకారం నిపుణులు చెప్పిన చిన్న చిన్న వీడియోలు, వాటి వెంట పిల్లలకు ఎంత అర్థమైందో తేల్చే ప్రశ్నలు. మొదటి ప్రయోగంలో తరగతి గదిలో ఒక తెర బిగించారు. వీడియో ఎప్పుడు వేయాలో, ఎక్కడ ఆపాలో టీచరు ఇష్టానికి వదిలేశారు. రెండో ప్రయోగంలో అలాంటి పాఠాలనే ట్యాబ్‌లలో నింపి నేరుగా పిల్లల చేతికిచ్చారు. ఏ బడికి ఇవ్వాలన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు కాబట్టి పోలిక నమ్మదగినదే. టీచరు చేతిలో తెర ఉన్న బడుల్లో నాలుగు నెలలకే మార్కులు 0.3 ప్రామాణిక విచలనం మేర పెరిగాయి. ట్యాబ్‌లు పంచిన బడుల్లో 0.4 మేర పడిపోయాయి. మామూలు మాటల్లో చెప్పాలంటే, వందమందిని మార్కుల వరుసలో కింది నుంచి పైకి నిలబెట్టినప్పుడు సరిగ్గా మధ్యలో ఉండే విద్యార్థి మొదటి పద్ధతిలో 62వ చోటు దాకా ఎక్కాడు, రెండో పద్ధతిలో 34వ చోటు దాకా జారాడు. సబ్రీన్ బేగ్, ఏడ్రియన్ లూకాస్ తదితరులు చేసిన ఈ అధ్యయనంలో ఇంకో విశేషముంది. మొదటి రకం బడుల్లో టీచర్ల హాజరు, పిల్లల హాజరు రెండూ పెరిగాయి.

ఒకే రకం పాఠం ఒకచోట మేలు చేసి మరోచోట కీడు చేసిందంటే ఫలితానికి కారణం పాఠంలో లేదు, పరికరంలోనూ లేదు. అది ఎవరి చేతిలో ఉంది, విద్యార్థి మెదడుతో ఏం చేయించింది అన్న దగ్గర ఉంది. హైస్కూలు తరగతిలో తెర విలువను రెండే ప్రశ్నలతో కొలవాలని నా వాదన. చూస్తున్న పిల్లవాడి దగ్గర్నుంచి అది జవాబు రాబడుతోందా? ఆ జవాబు టీచరుకు సమయానికి అందుతోందా? ఈ రెండూ లేనప్పుడు ఎంత ఖరీదైన పరికరమైనా నేర్పేది తక్కువ. పెరూ దేశం ‘పిల్లకో ల్యాప్‌టాప్’ పథకం కింద లక్షల కంప్యూటర్లు పంచింది. పల్లెల్లోని ప్రాథమిక బడుల్లో జరిపిన పరిశీలన ప్రకారం, అంతకు ముందు సగటున ఎనిమిది మందికి ఒక కంప్యూటర్ ఉన్నచోట ప్రతి ఒక్కరికీ ఒకటి దక్కింది. గణితంలోగానీ భాషలోగానీ మార్కులు పెరగలేదు. పదిహేనేళ్ల పిల్లలకు పీసా పరీక్షలు పెట్టే ఓఈసీడీ సంస్థ 2015లో తన సభ్యదేశాల లెక్కలు చూసి ఇలాంటి మాటే చెప్పింది. బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చుపెట్టిన దేశాల్లో చదవడం, గణితం, సైన్సు ఫలితాలు చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు.

ఈ విషయంపై విద్యాశాస్త్రంలో ఒక పాత తగాదా ఉంది. 1983లో అమెరికన్ పరిశోధకుడు రిచర్డ్ క్లార్క్ బోధనకు వాడే మాధ్యమాలను సరుకుల లారీతో పోల్చాడు. లారీ బియ్యం తెస్తుందే తప్ప మన ఒంటికి బలాన్నిచ్చేది లారీ కాదని ఆయన భావం. బోధన పద్ధతి బాగుంటే అది రేడియోలో వచ్చినా, కంప్యూటర్లో వచ్చినా, మనిషి నోట వచ్చినా ఫలితం ఒకటేనన్నాడు. మరో పరిశోధకుడు రాబర్ట్ కోజ్మా దీన్ని కాదన్నాడు. కొన్ని మాధ్యమాలు మాత్రమే చేయగల పనులు కొన్ని ఉంటాయనీ, ఆ పనుల వల్ల మెదడులో జరిగే ప్రక్రియ కూడా మారుతుందనీ ఆయన వాదం. ఈ నలభై ఏళ్ల ఆధారాలు చూస్తే క్లార్క్ చెప్పింది చాలావరకు నిలబడింది. కోజ్మా చెప్పింది కొన్ని చోట్ల, ముఖ్యంగా సైన్సులో, బలంగా నిలబడింది. అవి ఏ చోట్లో తెలుసుకోవడమే టీచరుకు పనికొచ్చే విషయం.

ముందు చూపించడం దగ్గరే ఆగుదాం. చక్కగా తీసిన వీడియో చూస్తే పాఠం అర్థమైనట్టే ఉంటుంది. డెరెక్ ముల్లర్ అనే పరిశోధకుడు సిడ్నీ విశ్వవిద్యాలయంలో ఈ భావననే పరీక్షించి 2008లో తన సిద్ధాంత గ్రంథం సమర్పించాడు. విషయం న్యూటన్ నియమాలు. కొందరు విద్యార్థులకు నియమాన్ని సూటిగా, స్పష్టంగా వివరించే వీడియో చూపించారు. మరికొందరు చూసిన వీడియోలో విద్యార్థి పాత్ర ఒకటి ముందు తన తప్పు అభిప్రాయాన్ని పైకి చెబుతుంది, తర్వాత అది ఎందుకు తప్పో చర్చలో తేలుతుంది. పైకి విసిరిన బంతిని చేయి ఇచ్చిన బలమే ఇంకా తోస్తూ ఉంటుందని మనలో చాలామంది అనుకుంటాం కదా, అలాంటి అభిప్రాయాలు. మొదటి వీడియో చూసినవాళ్లు అది స్పష్టంగా ఉందన్నారు, పరీక్ష పెడితే పెద్దగా నేర్చుకోలేదని తేలింది. రెండో రకం చూసినవాళ్లు మెదడుకు ఎక్కువ శ్రమ పెట్టాల్సి వచ్చిందన్నారు, నేర్చుకున్నది మాత్రం వాళ్లే ఎక్కువ. కారణం ఊహించడం కష్టమేమీ కాదు. తల ఖాళీగా పెట్టుకుని ఏ విద్యార్థీ ఫిజిక్స్ పాఠానికి రాడు. చేయి, బంతి, సైకిలు, నీళ్ల బిందె ఇవన్నీ అప్పటికే అతనికి ఒక ఫిజిక్స్ నేర్పి ఉంటాయి, అది చాలావరకు తప్పు ఫిజిక్స్. సూటి వివరణ వింటున్నంతసేపూ మెదడు ‘ఇది నాకు తెలిసిందే’ అనుకుంటూ పాత అభిప్రాయాన్నే మరింత గట్టిగా పట్టుకుంటుంది. దాన్ని కదిలించాలంటే ముందు బయటకు లాగాలి. వీడియోను మధ్యలో ఆపి ‘ఇప్పుడేం జరుగుతుంది? చేతులెత్తి చెప్పండి’ అని అడిగే టీచరు చేస్తున్నది సరిగ్గా ఆ పనే.

పిల్లలకు ఆసక్తి పుడితే చాలదా, బొమ్మ కదిలితే కళ్లు తిప్పరు కదా అని చాలామంది వాదిస్తారు. ఆసక్తిని నేను తక్కువ చేయను. బడికి రావడానికి అదొక కారణమైతే మంచిదే. కానీ ఆసక్తి, ‘అర్థమైంది’ అన్న భావన, నిజంగా నేర్చుకోవడం మూడూ వేర్వేరు సంగతులు. 2019లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం ఫిజిక్స్ తరగతుల్లో జరిగిన అధ్యయనంలో, నున్నగా సాగిన ఉపన్యాసం విన్న విద్యార్థులు తామే ఎక్కువ నేర్చుకున్నామనుకున్నారు. పరీక్షలో మాత్రం లెక్కలతో కుస్తీ పట్టిన తరగతి ముందుంది. అంతకు ముందు 2006లో రోడిగర్, కార్పికీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇంకా సూటిగా చూపించారు. ఒక పాఠ్యాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు అయిదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో గెలిచారు. చదివాక పుస్తకం మూసి, గుర్తున్నది రాసినవాళ్లు వారం తర్వాత పెట్టిన పరీక్షలో గెలిచారు. మన పిల్లలు రాయాల్సిన పరీక్షలు అయిదు నిమిషాల తర్వాత ఉండవు. అదే వీడియోను మళ్లీ వేయడం తెరకు సులువు, పిల్లలకు హాయి, జ్ఞాపకానికి మాత్రం అంతగా పనికిరాదు. వీడియో తయారీకి కూడా కొన్ని నియమాలు తేలాయి. మనిషి ఒకేసారి మనసులో పట్టుకోగల కొత్త సంగతులు చాలా తక్కువ. అందుకే రిచర్డ్ మేయర్ పరిశోధనలు పాఠాన్ని చిన్న ముక్కలుగా కోయమంటాయి, విషయానికి సంబంధం లేని అలంకారాలు, వెనక సంగీతం తీసేయమంటాయి. నోటితో చెబుతున్న వాక్యాలనే తెర మీద మళ్లీ రాసి చూపిస్తే సాధారణంగా నష్టమే. అయితే వింటున్నది మాతృభాష కానప్పుడు ఆ అక్షరాలు సాయపడతాయి. ఆంధ్రప్రదేశ్‌లో ఒకవైపు ఇంగ్లిషు, ఎదురు పేజీలో తెలుగు ఉండే ద్విభాషా పుస్తకాలు చదివే పిల్లల విషయంలో ఈ మినహాయింపు చాలా ముఖ్యం.

హైస్కూలు దశకు ప్రత్యేకమైన చిక్కు మరొకటుంది, సాంకేతికత అసలు బలం కనిపించేది దాని దగ్గరే. ఢిల్లీ ప్రభుత్వ బడుల పిల్లలతో 2015లో కార్తీక్ మురళీధరన్, అభిజీత్ సింగ్, అలెహాండ్రో గానిమియన్ చేసిన అధ్యయనంలో ఒక నిజం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆరో తరగతిలో చేరినవాళ్లు గణితంలో సగటున రెండున్నర తరగతులు వెనకబడి ఉన్నారు. పై తరగతులకు వెళ్లేకొద్దీ ఆ దూరం పెరుగుతూ పోయింది. ఒకే బెంచీ మీద కూర్చున్న ముగ్గురిలో ఒకరు మూడో తరగతి స్థాయిలో, ఒకరు అయిదులో, ఒకరు ఎనిమిదిలో ఉంటే బోర్డు మీద చెప్పే సమీకరణం ఎవరికోసం? ఆ పిల్లల్లో లాటరీలో ఎంపికైనవాళ్లకు బడి అయ్యాక కేంద్రాల్లో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ ఇచ్చారు. అది పిల్లవాడి తరగతిని పట్టించుకోదు. తప్పు జవాబు చూసి అతను ఎక్కడ ఆగిపోయాడో కనిపెడుతుంది. 0.15, 0.8లో ఏది పెద్దదంటే 0.15 అన్న పిల్ల లెక్క తెలియక అలా అనలేదు. చుక్క తర్వాత ఉన్నవాటిని పూర్ణాంకాలుగా చదివి, 15 ఎనిమిది కన్నా పెద్దదనుకుంది. ఆమెకు కావాల్సింది దశాంశ స్థానాల గురించిన రెండు ప్రశ్నలు, తర్వాతి అధ్యాయం కాదు. నాలుగున్నర నెలల్లో గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనం మేర మెరుగుదల వచ్చింది. బాగా వెనకబడ్డవాళ్లకు దక్కింది ఇంకా విలువైనది, ఎందుకంటే కార్యక్రమంలో లేని అలాంటి పిల్లలు మామూలు బడిలో ఆ కాలంలో దాదాపు ఏమీ నేర్చుకోలేదు. ఆ కేంద్రాల్లో గంటన్నర సమయంలో సగం మాత్రమే కంప్యూటర్ ముందు గడిచింది. మిగతా సగం చిన్న బృందంలో ఒక ట్యూటరు దగ్గర. అందుకే ఈ ఫలితాన్ని యంత్రం ఒక్కదాని ఖాతాలో వేయడం సబబు కాదు.

ఈ అధ్యయనంలోనే ఇబ్బంది పెట్టే సంగతీ ఉంది. బడి పెట్టిన పరీక్షల్లో ఆ పిల్లల హిందీ మార్కులు పెరిగాయిగానీ గణితం మార్కులు చెప్పుకోదగినంతగా పెరగలేదు. నాలుగో తరగతి లెక్కలు ఆరుకు చేరుకున్నా, పరీక్ష ఎనిమిదో తరగతిదే కదా. ‘సిలబస్ పూర్తిచేయాల్సిన మాకు ఇది దేనికి?’ అని గణితం మాస్టారు అడిగితే ఆ ప్రశ్నను తోసిపారేయలేం. నా సమాధానం ఇది: పునాది లేని పిల్లవాడికి సిలబస్ పూర్తయిందన్న మాట రిజిస్టరులో మాత్రమే నిజం. దేశంలోని పల్లె ప్రాంతాల్లో 14 నుంచి 18 ఏళ్ల యువతను పరిశీలించిన 2023 అసర్ నివేదిక ప్రకారం మూడంకెల సంఖ్యను ఒక అంకెతో భాగించగలిగినవాళ్లు 43 శాతమే. భాగహారం రాకుండా బహుపదుల భాగహారం రాదు. టైంటేబుల్‌లో వారానికి కొన్ని పీరియడ్లు స్థాయికి తగ్గ సాధనకు తీయడం వల్ల సిలబస్‌కు కొంత సమయం తగ్గుతుంది, నిజమే. ఆ నష్టాన్ని ఒప్పుకుని తీసుకోవాల్సిన నిర్ణయమిది.

తెలుగు నేల మీద ఈ తేడా చూడటానికి ఆంధ్రప్రదేశ్ మంచి ఉదాహరణ. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి విద్యార్థులకు, వాళ్ల టీచర్లకు బైజూస్ సంస్థ పాఠాలు నింపిన 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. అదే రాష్ట్రంలో ఆరు నుంచి తొమ్మిది తరగతుల పిల్లలకు కొన్ని ప్రభుత్వ బడుల్లో వ్యక్తిగత స్థాయికి తగ్గట్టు ప్రశ్నలు మార్చే కార్యక్రమం సాగుతోంది. అక్కడా ట్యాబ్‌లే, కానీ అవి బడిలోనే ఉంటాయి, పీరియడ్ ప్రకారం పిల్లలు వచ్చి సాధన చేసి వెళతారు. నోబెల్ గ్రహీత మైఖేల్ క్రెమెర్ బృందం ఈ రెండో కార్యక్రమాన్ని పరిశీలించి, పిల్లల నేర్పు గణనీయంగా పెరిగిందని తేల్చింది. పత్రికల్లో, అసెంబ్లీ చర్చల్లో ఈ రెండూ ‘ట్యాబ్‌ల పథకం’ అనే ఒకే పద్దులో పడిపోతాయి. ఒకదానిలో పరికరం చేతికందడమే లక్ష్యం. రెండో దానిలో రోజూ కొన్ని ప్రశ్నలకు జవాబు చెప్పించడం లక్ష్యం. రెండింటినీ కలిపి సమర్థించడం ఎంత తప్పో, కలిపి కొట్టిపారేయడం కూడా అంతే తప్పు.

ఇక కోజ్మా మాట నిలబడే చోటుకు వద్దాం. బల్బు, బ్యాటరీ, తీగ ఇచ్చి వలయం కలపమంటే పిల్లలు కలుపుతారు, బల్బు వెలుగుతుంది. తీగ లోపల ఏం జరుగుతోందో మాత్రం కనిపించదు. అందుకే ‘మొదటి బల్బు కరెంటును కొంత వాడేసుకుంటుంది, రెండో దానికి తక్కువ మిగులుతుంది’ అన్న అపోహ పదో తరగతి దాటినా పోదు. కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టిన ఫెట్ అనే కంప్యూటర్ సిమ్యులేషన్లలో ఎలక్ట్రాన్లు తీగలో కదులుతూ కనిపిస్తాయి. అన్నిచోట్లా అవి ఒకే వేగంతో వెళుతున్నాయని చూసిన విద్యార్థి తన అపోహను తానే పట్టుకోగలడు. అక్కడే జరిగిన అధ్యయనాన్ని 2005లో ప్రచురించారు. ప్రయోగశాలలో అసలు పరికరాల బదులు ఈ సిమ్యులేషన్‌తో పనిచేసిన కాలేజీ విద్యార్థులు భావనల పరీక్షలోనే కాక, తర్వాత నిజమైన తీగలతో వలయం కట్టి వివరించడంలో కూడా మెరుగ్గా చేశారు. కంటికి కనిపించనిది, మరీ నెమ్మదిగా లేదా మరీ వేగంగా జరిగేది, తరగతిలో చేస్తే ప్రమాదమైనది ఉన్నచోట తెరకు సాటి లేదు. గ్రహణాలు, కణ విభజన, రసాయన బంధాలు అలాంటివే. కప్పీ, వాలుతలం, లిట్మస్ కాగితం మాత్రం చేత్తో చేయించాలి. వాటికి వీడియో పెట్టడం పిల్లల చేతిలోని పనిని లాక్కోవడమే.

‘టీచరు ఉన్నచోట మీరు చెప్పింది సరే, సబ్జెక్టు టీచరే లేని బడి సంగతేమిటి?’ అని అడిగేవాళ్లకు మెక్సికో దగ్గర జవాబుంది. 1968లో అక్కడ మారుమూల పల్లెల పిల్లలకోసం టీవీ ద్వారా ఏడు నుంచి తొమ్మిది తరగతుల చదువు మొదలుపెట్టారు. టెలిసెకుండారియా అనే ఆ వ్యవస్థలో ఇప్పటికీ పది లక్షలకు పైగా చదువుతున్నారు. దాన్ని కేవలం టీవీ బడి అనుకోవడం పొరపాటు. తరగతికి ఒక టీచరు ఉంటారు, అన్ని సబ్జెక్టులూ ఆయనే చూస్తారు. పీరియడ్‌లో పావుగంట ప్రసారం, మిగతా సమయం అభ్యాస పుస్తకం, చర్చ. నిపుణుడు లేని లోటును తెర తీర్చింది, పక్కన నిలబడి ‘ఏదీ, చేసి చూపించు’ అనే మనిషి లోటును తీర్చే ప్రయత్నం చేయలేదు. కోవిడ్ వల్ల బడులు మూతపడి ఉన్న 2020 సెప్టెంబరులో తెలంగాణలో టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలైనప్పుడు పాఠం ఇంటికి చేరింది, తిరుగు జవాబు బడికి చేరే దారి మాత్రం చాలా ఇరుకైపోయింది. ఆ రోజుల్లో వర్క్‌షీట్లు పట్టుకుని ఇళ్లకు వెళ్లిన ఉపాధ్యాయులు పూడ్చింది ఆ లోటునే.

ఫోన్ల విషయంలో భయపడేవాళ్లతో నాకు పేచీ లేదు. 2022 పీసా లెక్కల్లో, పక్కవాళ్లు డిజిటల్ పరికరాలు వాడటం వల్ల గణితం తరగతుల్లో కనీసం కొన్నింటిలోనైనా తమ ధ్యాస చెదిరిందని ఓఈసీడీ దేశాల విద్యార్థుల్లో 59 శాతం చెప్పారు. కుటుంబ పరిస్థితుల తేడా తీసేశాక కూడా వాళ్ల మార్కులు మిగతావాళ్ల కన్నా 15 పాయింట్లు తక్కువ. ఒకటి రెండోదానికి కారణమని ఈ లెక్క రుజువు చేయదు, అనుమానానికి మాత్రం తగినంత ఆధారం. 2024 అసర్ సర్వేలో స్మార్ట్‌ఫోన్ వాడటం వచ్చని చెప్పిన మన పల్లెల 14–16 ఏళ్ల పిల్లల్లో అంతకు ముందు వారంలో చదువుకోసం దాన్ని వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియాకోసం వాడినవాళ్లు 76 శాతం. తరగతిలో ఎవరి తెర వాళ్లకుంటే పోటీ ఎవరితోనో తెలుస్తూనే ఉంది. అయితే ఈ వాదన ఉమ్మడి తెరకు అడ్డు రాదు. పిల్లల జవాబులు సేకరించడానికి ప్రతి చేతిలో పరికరం ఉండనక్కర్లేదు కూడా. ప్లికర్స్ అనే పద్ధతిలో విద్యార్థి ఒక గుర్తు ముద్రించిన అట్టముక్కను తన జవాబుకు తగ్గట్టు తిప్పి పట్టుకుంటాడు. టీచరు తన ఫోను కెమెరాను తరగతి మీదుగా తిప్పితే ఎవరు ఏ జవాబు చెప్పారో క్షణాల్లో తెలుస్తుంది. ఎప్పుడూ చేయి ఎత్తని వెనక బెంచీ పిల్ల కూడా ఆ లెక్కలోకి వస్తుంది.

బయట ఫోనులో పిల్లలు చూసే వార్తలు, వీడియోలు కూడా తరగతిలో పాఠం కావాలి, అక్కడా అడగడమే పద్ధతి. స్టాన్‌ఫర్డ్ పరిశోధకుడు సామ్ వైన్‌బర్గ్ బృందం చరిత్రకారులను, విద్యార్థులను, వృత్తిగా నిజనిర్ధారణ చేసేవాళ్లను పోల్చి చూసింది. నిజనిర్ధారణ చేసేవాళ్లు తెలియని వెబ్ పేజీని శ్రద్ధగా చదువుతూ కూర్చోలేదు. వెంటనే దాన్ని వదిలి, దాని గురించి ఇతరులేమంటున్నారో వెతికారు. ఆ అలవాటును అమెరికాలో ఒక జిల్లా హైస్కూళ్లలో పౌరశాస్త్ర తరగతుల్లో ఆరు పాఠాలుగా నేర్పితే విద్యార్థులు చెప్పుకోదగినంత మెరుగుపడ్డారు. సాంఘికశాస్త్రం పీరియడ్‌లో ఉమ్మడి తెర మీద ఒక వాట్సాప్ ఫార్వర్డ్ పెట్టి ‘దీన్ని ఎవరు పంపారు, మొదట ఎక్కడ వచ్చింది?’ అని వెతికించడానికి కొత్త పరికరమేదీ అక్కర్లేదు.

ఆంధ్రప్రదేశ్ హైస్కూలు గదుల్లో ఐఎఫ్‌పీ అనే పెద్ద డిజిటల్ ప్యానెళ్లు ఇప్పటికే వేల సంఖ్యలో బిగించారు, పాఠ్యపుస్తకాల క్యూఆర్ కోడ్ల వెనక డిజిటల్ పాఠాల దీక్షా పోర్టల్ ఉంది. తెరలు కావాలని అడిగే దశ చాలాచోట్ల దాటిపోయింది. కావాల్సింది మన పిల్లలు నిజంగా చేసే తప్పుల మీద కట్టిన తెలుగు ప్రశ్నలు. రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి ఏటా పది లక్షలకు పైగా పిల్లలు పదో తరగతి పరీక్షలు రాస్తారు. స్పాట్ వాల్యుయేషన్‌లో ఒకే తప్పు వందల పేపర్లలో ఒకేలా కనిపించడం మూల్యాంకనం చేసే టీచర్లకు తెలిసిన సంగతే. మార్కు తీసేయడంతో ఆ సమాచారం అక్కడితో పోతోంది. స్పాట్ కేంద్రంలో సబ్జెక్టువారీగా ఇద్దరు టీచర్లకు పదేపదే కనిపించే తప్పులను రాసిపెట్టే పని అప్పగించవచ్చు. రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి (ఎస్‌సీఈఆర్‌టీ) వాటినే తప్పు ఆప్షన్లుగా పెట్టి, అధ్యాయానికి అయిదారు చొప్పున బహుళైచ్ఛిక ప్రశ్నలు తయారుచేయవచ్చు. ఏప్రిల్‌లో మొదలైన పని జూన్‌లో బడులు తెరిచేనాటికి ప్యానెళ్లలోకి ఎక్కుతుంది, దానికయ్యే ఖర్చు ఒక మండలానికి ట్యాబ్‌లు కొనే ఖర్చు కన్నా తక్కువే ఉండవచ్చు.